నాన్నకి గేమ్ కానుక: ఎఫ్‌డీ తీయాలా, ఈఎంఐ పెట్టాలా?

ప్రశ్న: మాది విశాఖలోని గాజువాక. నాన్న ఆరు నెలల్లో స్టీల్ ప్లాంట్ నుంచి రిటైర్ అవుతున్నారు. ఆయన జీవితం మీద 12 లెవెళ్ల చిన్న వీడియో గేమ్ చేయించి ఇవ్వాలని ఉంది. ఒక ఫ్రీలాన్సర్ రూ.75,000 అడిగారు. నాకు కోడింగ్ కొద్దిగా వచ్చు. జీతం రూ.42,000. దాచుకున్నది రూ.1.2 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. అది తీయనా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టనా?

జవాబు: రెండూ వద్దండి. మీ ఎఫ్‌డీ మూడు నెలల జీతం కూడా లేదు, అది ఆపదకు ఉండాల్సిన సొమ్ము. గడువుకు ముందు తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం దాకా కోత వేస్తాయి కూడా. ఇక ఈఎంఐ సంగతి: 15 శాతం వడ్డీతో 12 నెలలకు అనుకుంటే నెలకు సుమారు రూ.6,770 కట్టాలి. వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి సుమారు రూ.7,350 అదనం. ప్రాసెసింగ్ ఫీజు మళ్లీ వేరే. మీరు అప్పు చేసి చేయించారని తెలిస్తే నాన్నగారు ముందు గేమ్ ఆడతారా, మిమ్మల్ని తిడతారా?

అసలు రేటు అంత పెరిగింది ఆ 12 లెవెళ్ల వల్లే. మూడు చాలు. పొద్దుటి షిఫ్ట్ టైమ్‌కి సైకిల్ మీద గేటు చేరడం ఒకటి. సింహాచలం మెట్లెక్కడం ఒకటి. ఆదివారం ఆర్కే బీచ్‌లో పిల్లలు తప్పిపోకుండా చూసుకుంటూ మురీ మిక్చర్ పొట్లాలు పోగెయ్యడం ఇంకొకటి. ఓడిపోయినప్పుడల్లా 'టిఫిన్ బాక్సు మర్చిపోయారు' అని మీ అమ్మగారి గొంతు వినపడాలి. దాన్ని ఫోన్‌లోనే రికార్డు చేయొచ్చు, పైసా ఖర్చుండదు. ఇలాంటివి ఏ ఫ్రీలాన్సర్‌కీ తెలియవు, మీకే తెలుసు. నన్నడిగితే ఈ కానుకలో విలువంతా అక్కడే ఉంది.

కోడింగ్ కొద్దిగా వచ్చంటున్నారు కాబట్టి గేమ్‌లు తయారుచేసే గొడాట్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. అది పూర్తిగా ఉచితం, రాయల్టీ గొడవ లేదు. అది కష్టమనిపిస్తే పిల్లలు కోడింగ్ నేర్చుకునే స్క్రాచ్ ఉంది, అదీ ఉచితమే. చెట్లు, ఇళ్లు, బళ్ల బొమ్మలు గేమ్ బొమ్మలు పంచే కెన్నీ (Kenney) సైట్‌లో ఊరికే దొరుకుతాయి. డబ్బు పెట్టాల్సింది ఒక్కదానికే: మీ ఇంట్లోవాళ్ల బొమ్మలు గీసే ఆర్టిస్టుకి. నెలకు రూ.2,500 చొప్పున పక్కన పెడితే ఆరు నెలల్లో రూ.15,000 అవుతుంది. బేరం ఆ లోపల కుదుర్చుకోండి. అడ్వాన్సు మూడో వంతు మించొద్దు. మిగతాది ఒరిజినల్ ఫైళ్లన్నీ మీ చేతికి వచ్చాకే ఇవ్వండి.

ప్లే స్టోర్‌లో పెట్టాలంటే డెవలపర్ ఖాతాకు 25 డాలర్లు కట్టాలి. ఇంటి గేమ్‌కి ఆ ఖర్చెందుకు? గేమ్‌లు పెట్టుకునే ఇచ్.ఐఓ (itch.io) సైట్‌లో ఉచితంగా పెట్టి, పాస్‌వర్డ్ వేసి, లింకు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పంపండి. బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు. బటన్లు, అక్షరాలు మాత్రం పెద్దవిగా పెట్టండి, నాన్నగారు కళ్లజోడు వెతుక్కోకుండా.