సూర్యుడి ఉపరితలం కంటే కరోనా ఎందుకంత వేడిగా ఉంటుంది?

మంట నుంచి దూరం జరిగితే వేడి తగ్గాలి కదా, మరి సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ ఉంటే దాని పైన ఉన్న కరోనా, అంటే సూర్యుడి బయటి వాతావరణం, 10 లక్షల డిగ్రీలు ఎలా దాటుతుంది?

మామూలుగా వేడి పాకడం వల్ల మాత్రం కాదు. చల్లటి చోటు నుంచి వేడి చోటుకి వేడి తనంతట తాను వెళ్లదు. శక్తిని పైకి మోసుకెళ్లేది అయస్కాంత క్షేత్రం. ఉపరితలం కింద ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న వేడి వాయువు, మరిగే నీళ్లలా ఎప్పుడూ పొర్లుతూనే ఉంటుంది, దాంతో అక్కడ పాతుకుని ఉన్న అయస్కాంత రేఖలు కదిలి, మెలితిరిగి, ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. ఆ కదలికలో కొంత తరంగాలుగా పైకి వెళ్లి అక్కడ వేడిగా మారుతుంది, 1942లో భౌతిక శాస్త్రవేత్త హాన్నెస్ ఆల్వెన్ చెప్పిన తరంగాలు ఇవే. ఇక మరీ బిగుసుకుపోయిన రేఖలు తెగి కొత్తగా అతుక్కుంటాయి, అప్పుడు దాచుకున్న శక్తంతా ఒక్కసారిగా బయటపడుతుంది. ఇలాంటి చిన్న పేలుళ్లు, అంటే నానోఫ్లేర్లు, లెక్కలేనన్ని జరుగుతుంటాయని 1988లో మరో భౌతిక శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ ప్రతిపాదించాడు. రెండిట్లో దేని వాటా ఎంత అన్నది ఇంకా తేలలేదు.

కరోనా చాలా పలచన, అందుకే సూర్యుడి మొత్తం శక్తిలో అతి చిన్న భాగం అందినా అక్కడి కణాలు విపరీతమైన వేగంతో పరిగెడతాయి. నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఈ వేడికి దొరికిన సాక్ష్యం: 1869 సూర్యగ్రహణంలో కరోనా వెలుగును రంగులుగా విడదీసి చూస్తే కనిపించిన ఓ ఆకుపచ్చ గీతను కొత్త మూలకం అనుకున్నారు, దశాబ్దాల తర్వాత చూస్తే అది 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన మామూలు ఇనుము, అన్ని ఎలక్ట్రాన్లు ఊడాలంటే అంత విపరీతమైన వేడి ఉండాల్సిందే.