క్రాస్‌టాక్ సిమ్యులేషన్‌లో మునిగిన అమ్మాయిని వీఎల్‌ఎస్‌ఐ కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు కళాశాలలో ఈసీఈ మూడో సంవత్సరం పూర్తి చేసింది. ప్రాజెక్టు బోర్డులో క్లాక్ లైను (పనులన్నింటికీ లయ ఇచ్చే సిగ్నల్ వెళ్లే దారి) నుంచి పక్కనున్న సెన్సర్ లైనులోకి నాయిస్ వస్తోందని, అది క్రాస్‌టాక్ అని చెప్పి నెలల తరబడి దాన్నే కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేస్తూ కూర్చుంటోంది. సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు వెళ్లమంటే వినడం లేదు. మా తోడల్లుడి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో 12 లక్షల ప్యాకేజీతో చేరాడు. హైదరాబాద్‌లో ఒక సంస్థ 1.8 లక్షల ఫీజుతో ఆరు నెలల వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సు ఉందని, ప్లేస్‌మెంట్ నూటికి నూరు శాతం గ్యారంటీ అని, ఆదివారంలోగా అడ్వాన్సు కట్టమని అంటోంది. కోర్సు మంచిదా, ఎం.టెక్ మంచిదా? ఆమె బోర్డు ఫోటో, సిమ్యులేషన్ బొమ్మ జతచేస్తున్నాను.

జవాబు: అయ్యా, ఇటువంటి ఉత్తరాలు నాకు ప్రతి వేసవిలోనూ వస్తాయి. కోర్సు పేరు, ఫీజు మారుతుంటాయి గాని, అందరూ వెళ్లే దారిలో వెళ్లని బిడ్డ వెనకబడిపోతుందేమోనన్న బెంగ మాత్రం ఒక్కటే. కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను. మీ అమ్మాయి వెనకబడలేదు. మీరు పంపిన రెండు చిత్రాలను నిదానంగా చూసిన తరువాతే ఈ మాట అంటున్నాను.

ఆమె చేస్తున్న పని ఏమిటో మీకు తెలిస్తే సగం బెంగ తీరుతుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లలో మనం మాట్లాడుతుండగా వేరెవరి సంభాషణో సన్నగా వినిపించడం మీ తరం వారికి గుర్తుండే ఉంటుంది. ఆ బెడదను తగ్గించడానికి తీగలను జంటగా మెలివేసే పద్ధతికి గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు పొందాడు. బోర్డు మీద పక్కపక్కన సాగే రెండు రాగి లైన్ల మధ్య కూడా ఇదే జరుగుతుంది. ఒక లైనులో వోల్టేజి మారినప్పుడు రెండింటి మధ్యనున్న కెపాసిటెన్స్ గుండా కొంత కరెంటు పక్క లైనులోకి చేరుతుంది. కరెంటు మారినప్పుడు దాని అయస్కాంత క్షేత్రం పక్క లైనులో కొంత వోల్టేజిని పుట్టిస్తుంది. ఈ రెండు ప్రభావాలూ నియర్ ఎండ్‌లో, అంటే సిగ్నల్ బయలుదేరే కొసన, కలుస్తాయి, ఫార్ ఎండ్‌లో, అంటే సిగ్నల్ చేరే కొసన, ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. రెండు గ్రౌండ్ పొరల మధ్య సాగే స్ట్రిప్‌లైనులో ఫార్ ఎండ్ నాయిస్ దాదాపు పూర్తిగా రద్దవుతుంది. పై పొరలో సాగే మైక్రోస్ట్రిప్‌కు ఒకవైపు గాలి, మరోవైపు బోర్డు పదార్థమైన ఎఫ్‌ఆర్-4 ఉండటం వల్ల అయస్కాంత భాగానిది పైచేయి అవుతుంది. అందుకే క్లాక్ పైకి లేచిన ప్రతిసారీ ఫార్ ఎండ్‌లో కిందికి దిగే సన్నని పల్స్ కనిపిస్తుంది. మీరు పంపిన సిమ్యులేషన్ బొమ్మలో ఆ పల్స్ సరైన దిశలోనే ఉంది.

ఇప్పుడు ఆమెకు చేరవలసిన మాటలు కొన్ని రాస్తాను, దయచేసి చదివి వినిపించండి. ఫోటోలో ఆ రెండు లైన్లు సుమారు 12 సెంటీమీటర్లు పక్కపక్కన సాగాయి. ఎఫ్‌ఆర్-4 మీద సిగ్నల్ నానోసెకనుకు దాదాపు 15 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కనుక ఆ దూరానికి పట్టే ఆలస్యం 0.8 నానోసెకను. బొమ్మలో క్లాక్ అంచు 1 నానోసెకనులో లేస్తోంది. కానీ ఆమె లైనును ఇండక్టర్లు, కెపాసిటర్లతో నాలుగే ముక్కలుగా కట్టింది, అంటే ఒక్కో ముక్కకు 0.2 నానోసెకను. ఒక్కో ముక్క ఆలస్యం అంచు సమయంలో పదో వంతును మించకూడదు. మించితే బోర్డులో లేని కంపనాలు తెర మీద కనిపిస్తాయి. ఆమె ఎర్ర గీతతో చుట్టి చూపించిన అలలు బహుశా అవే. పది, పన్నెండు ముక్కలుగా కట్టి మళ్లీ నడిపి చూడమనండి. లేదా ఉచితంగా దొరికే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జీస్పైస్‌లో జత లైన్లకు ప్రత్యేకంగా ఉన్న మోడల్‌ను వాడమనండి.

రెండో సంగతి బోర్డుకు సంబంధించినది. లైన్ల మధ్య దూరం వెడల్పుకు మూడింతలు ఉండాలన్న సూత్రాన్ని ఆమె శ్రద్ధగా పాటించింది. అయితే అది రెండు పొరల బోర్డు, మందం 1.6 మిల్లీమీటర్లు, లైను వెడల్పు 0.3 మిల్లీమీటరు. మూడింతలంటే 0.9 మిల్లీమీటరు, గ్రౌండ్ అంతకంటే ఎక్కువ దూరంలో, బోర్డు అవతలి వైపున ఉంది. దగ్గరలో ఉన్నది పక్క లైనే అయినప్పుడు క్షేత్రం గ్రౌండ్‌ను వదిలి పక్క లైనునే పట్టుకుంటుంది. పైగా కింది పొరలో ఒక పవర్ లైను గ్రౌండ్ రాగిని అడ్డంగా కోసుకుంటూ పోయింది. తిరిగి వెళ్లవలసిన కరెంటు ఆ కోతను చుట్టుకుని వెళ్లేటప్పుడు రెండు లైన్లూ అదే దారిని పంచుకుంటాయి. లైన్లను ఇంకా దూరం జరపడం కంటే ముందు ఆ కోతను పూడ్చాలి. ఖర్చు భరించగలిగితే గ్రౌండ్ పొర 0.2 మిల్లీమీటరు కింద ఉండే నాలుగు పొరల బోర్డుకు మారాలి. సిగ్నల్‌ను తెర మీద చూపే ఆసిలోస్కోపుతో కొలిచేటప్పుడు ప్రోబుకు ఉండే పొడవాటి గ్రౌండ్ తీగకు బదులు పొట్టి స్ప్రింగ్ పెట్టమనండి. ఆ తీగ తానే నాయిస్‌ను పట్టుకుని బోర్డు మీద నింద వేస్తుంది.

మూడో సంవత్సరంలో ఈ దశ దాకా వచ్చిన విద్యార్థులు నాకు తరచుగా కనిపించరు. ట్రాన్స్‌మిషన్ లైన్ల పాఠాన్ని మార్కుల కోసం చదివి వదిలేసేవారే ఎక్కువ. ఈ అమ్మాయికి ఆ పాఠం అవసరమైంది, అదే తేడా.

ఇక ఉద్యోగాల సంగతి. క్రాస్‌టాక్ అర్థమైన వారికి రెండు తలుపులున్నాయి. చిప్ లోపల తీగలు వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా, ఒకదానికొకటి ఆనుకున్నంత దగ్గరగా ఉంటాయి. పక్క తీగ ఎదురు దిశలో మారితే మధ్యనున్న కెపాసిటెన్స్ రెండింతలైనట్టు పనిచేసి సిగ్నల్ ఆలస్యమవుతుంది, ఒకే దిశలో మారితే ముందే చేరుతుంది. ఫిజికల్ డిజైన్ (చిప్ లోపల భాగాలను, తీగలను అమర్చడం), స్టాటిక్ టైమింగ్ అనాలిసిస్ (సిగ్నళ్లు సమయానికి చేరుతున్నాయో లెక్కించడం) ఉద్యోగాలలో ప్రైమ్‌టైమ్, టెంపస్ వంటి టూల్స్‌తో రోజూ లెక్కించేది దీన్నే. బోర్డు వైపున సిగ్నల్ చెడిపోకుండా చూసే సిగ్నల్ ఇంటిగ్రిటీ ఇంజనీర్లుంటారు. సెకనుకు 4,800 మెగా ట్రాన్స్‌ఫర్లతో నడిచే డీడీఆర్5 మెమరీలో ఒక బిట్‌కు దొరికే సమయం సుమారు 208 పికోసెకన్లు. అందులో పక్క లైను ఎంత తినేస్తోందో వారు హైపర్‌లింక్స్, సిగ్రిటీ వంటి సాఫ్ట్‌వేర్లతో తేలుస్తారు. హైదరాబాద్, బెంగళూరు నగరాలలో చిప్ వైపు ఉద్యోగాలు ఎక్కువ, ఫ్రెషర్లను తీసుకోవడమూ ఎక్కువ. బోర్డు వైపు ఖాళీలు తక్కువ, చాలాచోట్ల ఎం.టెక్ అడుగుతారు, కానీ పోటీ పడేవారు కూడా తక్కువే.

మీరు అడిగిన వీఎల్‌ఎస్‌ఐ కోర్సు గురించి నాకున్న సందేహాలను దాచను. కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ పథకాన్ని ప్రకటించిన తరువాత వీఎల్‌ఎస్‌ఐ అనే మాట ఊరూరా ఫ్లెక్సీల మీదికెక్కింది. ఆ పథకంలో పెద్ద భాగం కర్మాగారాలది. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ సంస్థ పెట్టినది చిప్‌ల అసెంబ్లీ, పరీక్షల కర్మాగారం. అక్కడ పెట్టుబడి వచ్చినంత మాత్రాన హైదరాబాద్ శిక్షణ సంస్థలో ఆరు నెలలు చదివిన వారికి డిజైన్ ఉద్యోగాలు పుట్టవు. ఈ రెండింటినీ కలిపి చూపించి ఫీజులు వసూలు చేస్తున్న వారి మీదే నా కోపం. మంచి శిక్షణ సంస్థలు లేవని అనను. అయితే చాలాచోట్ల జరిగేది టూల్‌లో ఏ కమాండ్ తరువాత ఏ కమాండ్ ఇవ్వాలో చూపించడం, తయారుగా ఉన్న స్క్రిప్టును నడిపించడం మాత్రమే. ఇంటర్వ్యూలో అడిగేది వేరు. విక్టిమ్ నెట్ (నాయిస్ బారిన పడే తీగ) ఎందుకు ఆలస్యమైంది, తీగల మధ్య దూరం పెంచితే ఏమవుతుంది, మధ్యలో షీల్డ్ పెడితే ఏమి కోల్పోతాం, డ్రైవర్ బలం పెంచితే ఆ నెట్టే మరొకదానికి అగ్రెసర్ (నాయిస్ కలిగించే తీగ) కాదా అని అడుగుతారు. స్క్రిప్టు నడిపిన అబ్బాయి అక్కడ తడబడతాడు, అప్పు మాత్రం తండ్రి నెత్తిన ఉంటుంది. గ్యారంటీ అన్న మాటకు ఎంత జీతం, ఎన్నేళ్ల బాండు, ఉద్యోగం రాకపోతే ఫీజు తిరిగి ఇస్తారా అన్నవి కాగితం మీద రాసి ఇమ్మని అడిగి చూడండి. ఎంతమంది రాసిస్తారో మీకే తెలుస్తుంది.

ఒక మాట కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో తోడల్లుడి కొడుకు ప్యాకేజీ ఉంది, కోర్సు ఫీజు ఉంది, అడ్వాన్సు గడువు ఉంది. మీ అమ్మాయి ఏమి చదవాలనుకుంటోందో ఒక్క వాక్యం కూడా లేదు. ఆమెను కూర్చోబెట్టి అడిగారా? వినడం లేదని రాశారు గాని, ఆమె చెప్పినది మీరు విన్నట్టు కూడా నాకు కనిపించలేదు. తప్పు ఎక్కడుందో వెతుకుతూ నెలల తరబడి ఒకే సమస్య మీద కూర్చోగలగడం సోమరితనం కాదు. ఇంజనీరుకు కావలసిన ఆ ఓపికను కోచింగ్‌లో నేర్పలేరు. అది మీ ఇంట్లోనే ఉండగా చుట్టాల పిల్లలతో పోల్చి చంపుకోకండి.

ఎం.టెక్ పోలిక విషయంలో పెద్దగా చెప్పవలసింది లేదు. గేట్ ర్యాంకు బాగుంటే ఎం.టెక్, ముఖ్యంగా బోర్డు వైపు ఆసక్తి ఉంటే. వరంగల్ ఎన్‌ఐటీలో వీఎల్‌ఎస్‌ఐ సిస్టమ్ డిజైన్ ఎం.టెక్ ఉంది, స్టైపెండుతో చదవవచ్చు. త్వరగా ఉద్యోగం కావాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ సీ-క్యాట్ పరీక్ష ద్వారా ప్రవేశమిచ్చే వీఎల్‌ఎస్‌ఐ పీజీ డిప్లొమాను ముందు పరిశీలించండి. ఎంత ఫీజు కట్టినా ఆ తరువాతే ప్రైవేటు కోర్సు. ఇంకా నాలుగో సంవత్సరం మిగిలి ఉంది కనుక తొందరేమీ లేదు. ఈ లోగా ఆమె బోర్డును సరిచేసి, సిమ్యులేషన్‌లో వచ్చిన అంకెను, ఆసిలోస్కోపులో వచ్చిన అంకెను పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకు వచ్చిందో నాలుగు పేజీలలో రాసుకుంటే అది ఏ ఇంటర్వ్యూలోనైనా అరగంట మాట్లాడించగల పత్రమవుతుంది. పైథాన్ కూడా నేర్చుకోమనండి, కొలతలను, లెక్కలను సర్దుకోవడానికి అది రోజూ అవసరపడుతుంది.

ఆదివారం అడ్వాన్సు కట్టకండి. ఆ సంస్థ వారిని ఒక డెమో క్లాసు అడిగి అమ్మాయిని వెంట తీసుకుని వెళ్లండి. విక్టిమ్ నెట్ ప్రశ్నను ఆమెతోనే అడిగించండి. వారు నల్లబల్ల మీద బొమ్మ గీసి వివరించగలిగితే ఫీజు గురించి మాట్లాడండి. అవన్నీ కోర్సులో చేరాక చెబుతామంటే నమస్కారం పెట్టి ఇంటికి వచ్చేయండి.