గంటన్నరలోనా, గంటన్నరకోసారా?

సందేహం: సార్, నేను కావలి దగ్గర ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. కోడి పిండంలో వెన్ను వెంట జతలుగా వచ్చే చిన్న కణాల ఉండల (సోమైట్ల) గురించి నోట్సులో "గంటన్నరలో ఒక జత సోమైట్లు ఏర్పరచబడును, ఒక్కో సోమైటు ఒక్కో వెన్నుపూస అగును" అని రాస్తే మా తెలుగు మేడం "గంటన్నరకొక జత" అని దిద్దారు. రెండూ ఒకటే గదా?

సమాధానం: ఒకటి కాదండీ, మేడం గారు దిద్దిందే బాగుంది. నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో అరగంటకో బస్సు ఉంది అంటే అది అరగంటలో ఊరు చేరుద్దని ఎవరూ అనుకోరు గదా. "గంటన్నరకో" అన్నప్పుడు తెలిసేది ఒక జతకీ ఇంకో జతకీ మధ్య ఎడం. "గంటన్నరలో" అంటే మాత్రం ఆ జత మొదలై పూర్తవడానికి పట్టే టైము అదేనేమో అనిపిస్తుంది, మాటల్లో అట్టా అన్నా సర్దుకుపోతాం గానీ నోట్సులో పిల్లాడు తప్పుగా పట్టుకుంటాడు. జరిగేదేందంటే, నాడీనాళానికి (తర్వాత మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టానికి) రెండు పక్కలా ఉండే కణజాలం తల వైపు కొస నుంచి గంటన్నరకోసారి అటొకటి ఇటొకటి చిన్న ఉండలుగా విడిపోతా ఉంటుంది, తోక వైపు కొత్త కణాలు చేరతానే ఉంటాయి. ఇప్పుడు విడిపోయిన కణాలు ఆ కణజాలంలోకి వచ్చి చాలా గంటలై ఉంటుంది, అంతసేపూ వాటిల్లో కొన్ని జీన్లు టైము ప్రకారం ఆన్, ఆఫ్ అవతా ఉంటాయి. ఇట్టాంటి గడియారం ఒకటి ఉండాలని 1976లో కుక్, జీమన్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టి చెప్తే, 1997లో కోడి పిండంలోనే అట్టా ఆన్, ఆఫ్ అయ్యే జీన్ దొరికింది. జీబ్రా చేపకి సుమారు అరగంటకో జత, ఎలకకి రెండు గంటలకో జత, మనిషికి దాదాపు ఐదు గంటలకో జత.

"లో" అసలు వాడకూడదని కాదు, ఈ లెక్కన రోజులో 16 జతలు అనొచ్చు, అక్కడ లెక్కబెడుతున్నాం కాబట్టి.

ఇంక "ఏర్పరచబడును". ఏర్పడు అనే మాటని ఏర్పరచు చేసి, దానికి మళ్ళీ బడు తగిలిస్తే బయల్దేరిన చోటికే వచ్చాం, "ఏర్పడతాయి" అంటే పోలా? ఎవరో కూర్చుని ఏర్పరిచేదేం లేదు అక్కడ.

మేడం గారు వదిలేసిన ఇంకోటి, "ఒక్కో సోమైటు ఒక్కో వెన్నుపూస అగును". ఇది భాష తప్పు కాదు, విషయమే తప్పు. ఒక సోమైటు వెనక సగం, దాని తర్వాతి సోమైటు ముందు సగం కలిస్తే ఒక పూస అవుతుంది. పైగా పక్కటెముకలు, వీపు కండరాలు, వీపు చర్మం లోపొర కూడా వీటి నుంచే వస్తాయి, కాబట్టి "సోమైట్ల నుంచి వెన్నుపూసలు ఏర్పడతాయి" అని మార్చుకోండి.