పెద్ద రైడర్లు కంకర రోడ్డు రేసులకు ఎందుకు మొహం చాటేస్తారు?

టూర్ డి ఫ్రాన్స్ లాంటి మూడు వారాల సైకిల్ రేసు గెలిచే స్థాయి రైడర్లు, ఇటలీలో సియెనా చుట్టూ జరిగే స్ట్రాడే బియాంకే లాంటి కంకర రోడ్డు రేసులకు ఎందుకు రారు, వచ్చినా ఎందుకు వెనకబడతారు, భయమా అని ఒకరు అడిగారు. భయం కొంత ఉంది. కానీ అది పిరికితనం కాదు. ఆ రోడ్డు మీద ఒకసారి తొక్కాక నాకు అర్థమైంది.

ఉద్యోగం మీద రెండేళ్లు ఇటలీలో ఉన్నప్పుడు, ఒక ఏప్రిల్‌లో సెలవు పెట్టి సియెనా వెళ్లాను. అక్కడ చుట్టుపక్కల పల్లెల్లో పాత సైకిళ్లతో తొక్కే 'లెరోయికా' అనే పండగ 1997 నుంచి జరుగుతోంది. ఆ పండగ నుంచే 2007లో ప్రొఫెషనల్ రేసు స్ట్రాడే బియాంకే పుట్టింది. లెరోయికా రూటుకి ఏడాది పొడుగునా బోర్డులు ఉంటాయి, ఎవరైనా వెళ్లి తొక్కొచ్చు. సైకిల్ అద్దెకిచ్చిన షాపతను టైర్లలో గాలి ఎంత పెట్టమంటావని అడిగితే, ఇంటి దగ్గర అలవాటు కొద్దీ వంద పీఎస్ఐ అన్నాను. సగం చాలన్నాడు. నాకు తెలియదా అనుకుని ఎనభై పెట్టించుకున్నాను. అనంతగిరి గుట్టలు ఎన్నిసార్లు ఎక్కలేదు!

అషానో ఊరు దాటాక మోంతే సాంతే మారియే అనే సెక్టార్, అంటే కంకర దారి ముక్క, వస్తుంది. పదకొండున్నర కిలోమీటర్లు. స్ట్రాడే బియాంకేను మూడుసార్లు గెలిచిన స్విట్జర్లాండ్ రైడర్ కాన్సెల్లారా పేరు దానికే పెట్టారు. మన ఊళ్లలో కంకర తోలి, రోలర్ రాక ఆరు నెలలు వదిలేసిన రోడ్డులా ఉంటుందని ఊహించుకున్నాను. అలా లేదు, బాగా చదునుగా, తెల్లగా, ఫొటోలో చూస్తే సుద్ద పొడి చల్లినట్టు ఉంది. చక్రం ఎక్కాకే అసలు సంగతి తెలిసింది. కింద సన్నటి అలలు అలలుగా గతుకులు. కప్పు మీద వేసే రేకు తీసి నేల మీద పరిచి, దాని మీద తొక్కుతున్నట్టు. రెండు కిలోమీటర్లకే వేళ్లు తిమ్మిరెక్కి గేర్ మారింది లేనిదీ కూడా తెలియలేదు. ట్రాక్టర్ల చక్రాలు తొక్కీ తొక్కీ గట్టిపడిన చాళ్లు రెండు ఉంటాయి, వాటి మధ్యలో గులకరాళ్లు పోగై ఉంటాయి. ఆ చాళ్లు తప్పితే ముందు చక్రం తన దారి తను చూసుకుంటుంది.

ఎత్తు వచ్చినప్పుడు ఘాట్ రోడ్డు మీద చేసినట్టే సీటు మీంచి లేచి తొక్కాను. వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగింది, సైకిల్ మాత్రం కదల్లేదు. కూర్చునే తొక్కాలి, బరువంతా వెనక చక్రం మీద వేయాలి. అది తెలిసేసరికి కాలు కింద పెట్టేశాను. దిగుడులో ముందు బ్రేకు పట్టుకుని కిందికి పోతుంటే, అరవై ఏళ్లు ఉంటాయేమో ఒక పెద్దాయన, స్టీలు సైకిల్ మీద, నన్ను దాటి వెళ్లిపోయాడు. దాటుతూ బ్రేకు వదలమన్నట్టు చెయ్యి ఊపాడు.

పెద్ద రైడర్ల సంగతికి వస్తే, వాళ్లు ఇవన్నీ తెలియనివాళ్లు కాదు. నా అవస్థ వాళ్లకు ఉండదు. ఇంకో తంటా ఉంటుంది. తారు రోడ్డు మీద మూడు వారాల రేసు గెలిచేవాడి చుట్టూ ఆరేడుగురు టీమ్‌మేట్స్ గోడలా ఉంటారు. ఎదురుగాలిని వాళ్లు కోస్తారు, నీళ్లు వాళ్లు తెస్తారు, పంక్చరైతే వెనకే కారు. ఇరుకైన కంకర దారిలో ఈ ఏర్పాటంతా చెదిరిపోతుంది. సెక్టార్ మొదలయ్యే ముందే మొదటి ఇరవై మందిలో ఉండాలని అందరూ తోసుకుంటారు. కాళ్లలో బలం ఉన్నా ఆ తోపులాట ఇష్టంలేనివాడు యాభయ్యో స్థానంలో లోపలికి వెళ్తాడు. ముందు ఎవడో జారితే అతనూ ఆగాలి, కారేమో దుమ్ములో ఎక్కడో వెనక ఉంటుంది.

ఇటలీ మూడు వారాల రేసు జిరోలో 2021 పదకొండో స్టేజ్ (స్టేజ్ అంటే ఒక రోజు రేసు; అన్ని రోజుల సమయం కలిపి విజేతను తేలుస్తారు), మోంతాల్చీనో వెళ్లేది, దీనికి మంచి ఉదాహరణ. అందులో దాదాపు 35 కిలోమీటర్లు కంకర దారి. బెల్జియం రైడర్ ఎవెనెపూల్ అంతకుముందు ఏడాది ఆగస్టులో పెద్ద యాక్సిడెంట్ అయి, తొమ్మిది నెలల తర్వాత ఆ జిరోతోనే మళ్లీ రేసులోకి వచ్చాడు. మొదటి సెక్టార్‌లోనే వెనకబడ్డాడు, చివరికి ఆ జిరో గెలిచిన బెర్నాల్ కంటే రెండు నిమిషాలకు పైగా ఆలస్యంగా వచ్చాడు. 2025 జిరోలో సియెనా స్టేజ్ రోజు స్లొవేనియా రైడర్ రోగ్లిచ్‌కీ అదే గతి, కింద పడ్డాడు, పంక్చర్ కూడా అయింది, రెండు నిమిషాల పైనే పోయాయి. ఇద్దరిలో ఎవరికీ బలం తక్కువ కాదు.

2024 టూర్ డి ఫ్రాన్స్‌లో త్రోయ్ అనే ఊరి చుట్టూ తొమ్మిదో స్టేజ్‌లో 14 కంకర సెక్టార్లు పెట్టారు. అప్పటికి రెండుసార్లు టూర్ గెలిచిన వింగెగార్డ్‌కు పంక్చరైతే కారు కోసం చూడకుండా టీమ్‌మేట్ ట్రాట్నిక్ సైకిల్ తీసుకుని దాని మీదే చివరిదాకా వెళ్లాడు. అతని పోటీదారులు పొగాచార్, ఎవెనెపూల్ కలిసి తొక్కుదాం రమ్మన్నా చెయ్యి కలపలేదు. టీవీ ముందు కూర్చున్నవాళ్లం చాలామందిమి విసుక్కున్నాం, నేనూ తిట్టుకున్నాను. కానీ అతను ఆ ఏప్రిల్‌లోనే స్పెయిన్‌లోని బాస్క్ రేసులో పడి కాలర్ బోన్ విరిగి, ఊపిరితిత్తికి గాయమై ఆసుపత్రిలో ఉన్న మనిషి. ఆ రోజు సమయం పోగొట్టుకోకపోతే చాలు అతనికి.

రాకపోవడానికి క్యాలెండర్ కూడా ఒక కారణం. స్ట్రాడే బియాంకే మార్చి మొదట్లో శనివారం జరుగుతుంది. మర్నాడు ఆదివారం ఫ్రాన్స్‌లో పారిస్-నీస్ మొదలు, సోమవారం ఇటలీలోనే తిర్రేనో-అద్రియాతికో, రెండూ వారం రోజుల రేసులే. వారం రోజుల రేసు గెలవాలనుకునేవాడు దాని ముందు రోజు మోచేతులు గీసుకోవాలని ఎందుకు అనుకుంటాడు? 2024లో ఎవెనెపూల్, రోగ్లిచ్ పారిస్-నీస్‌కే వెళ్లారు. వింగెగార్డ్ తిర్రేనోకి వచ్చి గెలిచాడు. ఆ రేసు మొదలైంది టస్కనీలోనే, అంటే సియెనా నుంచి రెండు మూడు గంటల ప్రయాణం. అయినా శనివారం కనిపించలేదు. ఆ లెక్క నాకు నచ్చదు గానీ, తప్పు లెక్క అనలేను.

మరి పొగాచార్ స్ట్రాడే బియాంకే ఎలా గెలుస్తున్నాడు అంటారా? 2022, 2024, 2025లలో గెలిచాడు, 2024లో అయితే ఫినిష్‌కి 81 కిలోమీటర్ల ముందే ఒంటరిగా వెళ్లిపోయాడు. అతను 2019లో స్లొవేనియా సైక్లోక్రాస్ ఛాంపియన్. శీతాకాలం బురదలో, ఇసుకలో తిరిగే ఆటే సైక్లోక్రాస్. మిగతా విజేతల్లో కొందర్ని చూడండి: స్టిబార్, వాన్ ఆర్ట్, వాన్ డెర్ పోల్, పిడ్‌కాక్. నలుగురూ సైక్లోక్రాస్ ప్రపంచ ఛాంపియన్లే. సైకిల్ జారుతుంటే వాళ్లు కంగారుపడరు, జారనిస్తారు. పదిహేనేళ్ల వయసులో అబ్బే అలవాటు అది, ఇరవై ఎనిమిదేళ్లకు శిక్షణ క్యాంపులో నేర్పేది కాదు. తమాషా ఏమిటంటే 2025లో పొగాచార్ పడింది కంకర మీద కాదు, తారు రోడ్డు మలుపులో. చిరిగిన జెర్సీతోనే గెలిచాడు.

మీరు ఎప్పుడైనా సియెనా వెళ్తే 32 మిల్లీమీటర్ల టైర్లున్న సైకిల్ అడగండి. గాలి ఎంత అనేది మాత్రం షాపతనికే వదిలేయండి. నేను సాయంత్రం సైకిల్ తిరిగిచ్చినప్పుడు వెనక చక్రంలో రెండో ట్యూబ్ ఉంది, స్పేర్ అయిపోయింది.