నర్సింగ్‌లో చేరేలోపు ఈ మూడు నెలలూ

బుజ్జీ,

ఇంటర్ బైపీసీ పాసయ్యావనీ, నర్సింగ్‌కే వెళ్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమేసిందమ్మా. కాలేజీ తెరిచేలోగా పని నేర్చుకోవాలనుకోవడం ఇంకా మంచిది. అయితే ఎవరో 'ఇంజెక్షన్లూ సెలైన్లూ పెట్టడం నేర్పిస్తాం, రా' అన్నారట. వెళ్ళకు. చదువూ రిజిస్ట్రేషనూ లేకుండా సూది పట్టకూడదు. రోగికేమైనా అయితే నీ మెడకే చుట్టుకుంటుంది. సూది కాలేజీలో నేర్పుతారు. ముందు మనిషి ఒంటిమీద చెయ్యి వెయ్యడం నేర్చుకో.

దానికి ఎక్కడికో పోనక్కర్లేదు. కిడ్నీలు పాడైన తాతయ్యని, మెషీన్‌తో రక్తం శుభ్రం చేసే డయాలసిస్‌కి మీ నాన్న పలాస తీసుకెళ్తున్నాడు కదా, ఇకమీదట నువ్వెళ్ళు. ఆ నాలుగు గంటలూ ఫోన్ చూస్తూ కూర్చోకు. డయాలసిస్ మంచం ఎక్కే ముందు, దిగాక బరువెందుకు చూస్తారో సిస్టర్‌ని అడుగు. మధ్య రోజుల్లో ఒంట్లో ఎంత నీరు చేరిందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఉన్న చేతికి బీపీ చూడరు, రక్తం తియ్యరు. తాతయ్యనడిగి, చేతులు కడుక్కుని, దానిమీద వేళ్ళు మెత్తగా ఆనించు. లోపల జుమ్మంటుంది. ఆ జుమ్ము ఆగిందంటే వెంటనే ఆసుపత్రికి చెప్పాలి. ఇంట్లో ఆయన తాగిన నీళ్ళూ, పోసిన మూత్రమూ కొలిచి నోటుబుక్కులో రాయి. రేపు వార్డులో నువ్వు నింపే చార్టు అదే. మన ఉద్దానంలో కారణం ఇంకా తేలని ఈ కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళున్నాయో నీకు నేను చెప్పాలా!

మీ వీధిలో పక్షవాతంతో మంచాన పడ్డ మామ్మ ఉంది కదా, వాళ్ళ కోడలినడిగి రోజూ వెళ్ళు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. లాగకు, చర్మం దుప్పటికి రాసుకుని చిట్లుతుంది. అవతలి మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసి నీవైపు దొర్లించు. తిప్పిన ప్రతిసారీ నడుం కింది ఎముక, తుంట్లు, మడమలు చూడు. ఎర్రబడ్డచోట వేలితో నొక్కి వదులు. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలవుతోందన్నమాట. మనలాంటి నల్లటి ఒంటిమీద ఎరుపు కనబడదు, అందుకని తడిమి చూడు. వేడిగానో గట్టిగానో తగులుతుంది.

ఇక తిండీ నీళ్ళూ. నేను ట్రైనింగ్‌లో చేరిన మొదటి నెలలో పక్షవాతం వచ్చిన ఒకాయన 'దాహమేస్తంది తల్లీ' అన్నాడు. జాలిపడి, పడుకున్నవాడికి పడుకున్నట్టే గ్లాసు పట్టాను. పొలమారి మొహం నీలంగా మారిపోయింది. సిస్టర్ పరుగున వచ్చి పక్కకి తిప్పి, గొంతులోది గొట్టంతో లాగేసే సక్షన్ పెట్టి బతికించింది. ఆ రాత్రి నాకు నిద్రలేదు. కాబట్టి మామ్మని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించి, చెంచాడు చెంచాడు పట్టు. మింగాకే రెండోది. తిన్నాక అరగంట పడుకోనివ్వకు. అయినా దగ్గొస్తే ఆపేసి డాక్టరుకి చెప్పమను.

ఊపిరి లెక్కపెట్టేటప్పుడు చెప్పి లెక్కపెట్టకు, తెలిస్తే ఊపిరి మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, నిమిషం నిండా ఛాతీ చూడు. పెద్దవాళ్ళకి 12 నుంచి 20 ఉండాలి.

మొదటిసారి మలం శుభ్రం చేసినప్పుడు కడుపులో తిప్పుతుంది. అందరికీ తిప్పుతుంది. మొహం మాత్రం చిట్లించకు, మామ్మ నీ మొహమే చూస్తూ ఉంటుంది. తలుపు వేసి, దుప్పటి కప్పి, ఏదో ఒకటి మాట్లాడుతూ చెయ్యి. ఆ ఇంట్లో చూసింది మీ అమ్మకి కూడా చెప్పకు.

రక్తం ద్వారా అంటుకునే కాలేయ జబ్బు హెపటైటిస్ బి, దాని టీకా ఈ వారమే మొదలుపెట్టు. మూడు డోసులు పూర్తవడానికి ఆర్నెల్లు పడుతుంది.

ఆదివారం శ్రీకాకుళం రా. మీ పెదనాన్నని మంచమ్మీద పడుకోబెట్టి, మనిషి లేవకుండానే దుప్పటి ఎలా మారుస్తారో చూపిస్తాను.

మీ పెద్దమ్మ