రోజుకు 500 కట్టగలిగినప్పుడు అప్పెందుకు?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలం. 2012 మోడల్ టాటా ఏస్ ఉంది, బాడుగకు తోలతాను. సీజన్‌లో కక్కలపల్లి మార్కెట్‌కు టమాటా బాక్సులు, మిగతా రోజుల్లో ఎరువుల బస్తాలు. డీజిల్ పోను నెలకు 30 వేల దాకా మిగులుతుంది. బండికి తుప్పు బాగా పట్టింది. డోర్ల కింద పెయింట్ పొరలుగా లేస్తోంది, క్యాబిన్‌లో కాళ్ల దగ్గర రేకు చిల్లు పడింది. షెడ్డులో అడిగితే రేకులు మార్చి మొత్తం పెయింటింగ్ చేయడానికి 65 వేలు అన్నారు. నా దగ్గర 22 వేలు ఉన్నాయి. తెలిసిన ఫైనాన్స్ ఆయన 50 వేలు రాసుకుని 45 వేలు చేతికిస్తానన్నాడు. రోజుకు 500 చొప్పున 100 రోజులు కట్టాలి, కట్టగలను. లేదంటే మా ఆవిడ బంగారం బ్యాంకులో పెట్టమంటారా? వైర్ బ్రష్, డ్రిల్ మెషిన్ ఇంట్లో ఉన్నాయి, నేనే చేసుకోవచ్చా? ఇన్సూరెన్స్ మూడు నెలల కిందట అయిపోయింది. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లేటప్పుడు అదీ కట్టేద్దామనుకుంటున్నా.

జవాబు: మీరు చివర్లో పడేసిన మాటతోనే మొదలుపెడతాను. మూడు నెలలుగా ఇన్సూరెన్స్ లేని బండిని హైవే మీద తోలుతున్నారు. డోరు కింద తుప్పు గురించి రాత్రుళ్లు ఆలోచిస్తున్నారు గానీ, ఈ మూడు నెలల్లో ఒక్క బైకు అడ్డొచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించారా? పోలీసులకు దొరికితే మొదటిసారి 2,000 రూపాయలు, రెండోసారి 4,000. అది చిన్న సంగతి. మనిషికి ఏదైనా జరిగితే ట్రైబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది, ఇన్సూరెన్స్ లేకపోతే అది మీరే కట్టాలి. అప్పుడు అమ్మాల్సింది బండిని కాదు, పొలాన్ని. పాలసీతో పాటు ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా 15 లక్షలకు ఉందో లేదో చూసుకోండి. పాలసీ లేని రోజున మీకు దెబ్బ తగిలితే అదీ ఉండదు.

మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం 16 వేల పైమాటే. 22 వేలలో ముందు పోవాల్సిన డబ్బు అది. తుప్పు తర్వాతి మాట.

ఇక ఆ ఫైనాన్స్. ‘50 వేలకు 5 వేలే కదా, నూటికి పదే కదా’ అనుకుంటున్నట్టున్నారు. అదే 5 వేలను ఇంకోలా చూడండి. మీ చేతికొచ్చేది 45 వేలు. రేపటి నుంచే తిరిగి కడుతున్నారు కాబట్టి ఆ 45 వేలూ 100 రోజులు మీ దగ్గర ఉండవు. సగటున చూస్తే 22 వేల చిల్లరే మీరు వాడుకున్నట్టు. దానికి 100 రోజులకు 5 వేల వడ్డీ అంటే ఏడాదికి 80 శాతం దగ్గర. మన లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి ఆరున్నర రూపాయలు. ఊళ్లో మూడు రూపాయల వడ్డీ అంటేనే ముఖం తిప్పుకుంటాం, దీనికి మాత్రం ‘రోజుకు అయిదొందలే’ అని సంతకం పెట్టేస్తాం. టమాటా రేటు పడిపోయి బాడుగలు లేని వారంలో కూడా సాయంత్రానికల్లా ఆ మనిషి బైకు మీ ఇంటి ముందు ఆగుతుంది. ఈ మాట నేను మెల్లగా చెప్పలేను: వద్దు.

నన్ను ఆపింది ఇంకో మాట. రోజుకు 500 కట్టగలనని మీరే రాశారు. 100 రోజులకు 50 వేలు. అంత కట్టగలిగే మనిషి దగ్గర ఇన్నేళ్లలో పోగైంది 22 వేలు! ఆటో వాళ్లు, ట్రాక్టర్ వాళ్లు, జీపు వాళ్లు, నాకు రాసేవాళ్లలో చాలామందిది ఇదే కథ. ఎవడో వచ్చి అడిగితే రోజూ కడతారు, అడిగేవాడు లేకపోతే ఒక్క రూపాయి పక్కకు పోదు. ఈ 100 రోజులూ ఆ ఫైనాన్స్ ఆయన మీరే అనుకోండి. బాడుగ డబ్బు జేబులోకి వచ్చిన సాయంత్రమే 500 వేరే అకౌంట్‌కు పంపండి. ఆ అకౌంట్‌కు ఏటీఎం కార్డు తీసుకోవద్దు, ఫోన్‌పే తగిలించొద్దు. బాడుగ లేని రోజు 100 అయినా వేయండి. సగమే కుదిరినా 25 వేలు, అదీ వడ్డీ కట్టకుండా.

పన్నెండేళ్లు దాటిన బండికి ఏటా ఏదో ఒక ఖర్చు ఉంటుంది. క్లచ్ ప్లేట్లు, టైర్లు, ఏడాదికోసారి ఎఫ్‌సీ, ఇప్పుడు తుప్పు. వీటిలో ఏదీ ఆపద కాదు, అన్నీ ముందే తెలిసిన ఖర్చులే. తుప్పయితే మరీ. మొదటి బుడగ ఎప్పుడు లేచిందో గుర్తు చేసుకోండి, రెండేళ్లయినా అయి ఉంటుంది. ఆపద అంటే ఇంజిన్ పట్టేసి బండి నెల రోజులు షెడ్డులో పడుండటం. ఆ నెల ఇంట్లో బియ్యం ఎలా? పిల్లల ఫీజు ఎలా? మీలాంటి వాళ్లకు బండి ఆగితే జీతం ఆగినట్టే. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండాలనేది అందుకే. అది పోగయ్యేదాకా కొత్త పెయింట్ మాట ఎత్తొద్దు.

మీరే చేసుకోవచ్చా అంటే, చాలావరకు చేసుకోవచ్చు. వాన తక్కువైన మన జిల్లాలో బండికి ఇంత తుప్పేమిటని ఆశ్చర్యపోవద్దు. పగిలిన టమాటాల పులుసు, చిట్లిన బస్తాలోంచి రాలిన ఎరువు తడి తగిలితే రేకును తినేస్తాయి. ముందు స్క్రూడ్రైవర్ పిడితో తుప్పు చుట్టూ కొట్టి చూడండి. ఖంగుమంటే రేకు ఉంది, బొదబొదలాడితే లోపల లేదు. రేకు గట్టిగా ఉన్నచోట డ్రిల్‌కు వైర్ కప్ బిగించి మెరిసే ఇనుము కనబడేదాకా గీకండి. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. 80 నంబరు ఎమరీ పేపరుతో రుద్దండి, ఆ తర్వాత 220తో. గుంటల్లో మిగిలిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్ పూస్తే నల్లబడి ఆగుతుంది. అది ఆరగానే ప్రైమర్. గీకిన రేకును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. పుట్టీ ప్రైమర్ మీదే, అదీ పల్చగా. మా నాన్న పాత జీపుకు తుప్పు మీదే పుట్టీ పెట్టి మూడుసార్లు పెయింట్ వేయించారు, మూడుసార్లూ మరుసటి వానాకాలానికి బుడగలే. డోర్ల అడుగున నీళ్లు పోయే చిల్లులు మట్టితో మూసుకుపోయి ఉంటాయి, సన్న తీగతో పొడవండి. సగం తుప్పు అక్కడే పుడుతుంది.

కాళ్ల దగ్గర చిల్లును మాత్రం పుట్టీతో మూయొద్దు. కుళ్లిన మేర కోసి రేకు ముక్క వెల్డింగ్ చేయించండి. ఛాసిస్‌కు, సీటు బిగించినచోట తుప్పుంటే మీరు చెయ్యి పెట్టొద్దు, మిస్త్రీకి చూపించండి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ తీయించడం మరిచిపోవద్దు. సామాను, వెల్డింగ్ కలిపి 5 వేల లోపే సరిపోవాలి.

బంగారం రోజు ఫైనాన్స్ కంటే ఎంతో చవక, అయినా అది ఆసుపత్రి కోసం ఉంచండి. కొత్త బండి, ఈఎంఐ అంటారా, మూడు నెలల ఖర్చు పక్కన పడ్డాక మాట్లాడదాం. బ్యాంకులో ఏటా 20 రూపాయలు పట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) లేకపోతే ఈ వారమే చేరండి.

పాలసీ చేతికొచ్చాక అది ఏ రోజు, ఏ గంట నుంచి అమలవుతుందో చదవండి. అప్పటిదాకా బండిని ఇంటి ముందు నుంచి కదపొద్దు, ఎవరు బాడుగకు పిలిచినా సరే. గీకడం, ప్రైమర్ వేయడం ఆ ఒకటి రెండు రోజుల్లోనే పెట్టుకోండి.