± గుర్తు వెనుక ఏముందో రాయండి: ఒక యువ రచయితకు లేఖ

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

పలాస నుంచి మీరు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మేడమీది నీళ్ల ట్యాంకులో టైమ్ ఆఫ్ ఫ్లైట్ సెన్సర్ (కాంతి పోయి తిరిగి వచ్చే కాలాన్ని బట్టి దూరం చెప్పే పరికరం) బిగించి నీటిమట్టం కొలిచిన తీరు కళ్లకు కట్టింది. అయితే "నీరు 842 మి.మీ. దిగువన ఉంది, అనిశ్చితి ±0.5 మి.మీ." అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. 100 రీడింగుల ప్రామాణిక విచలనం (రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 5 మి.మీ. వస్తే, దాన్ని 100 వర్గమూలంతో భాగించి ఆ 0.5 తెచ్చారు. లెక్క సరైనదే. కానీ సెన్సర్ తన మాట మీద తాను ఎంత నిలకడగా ఉందో అది చెబుతుందే గాని, ఆ మాట నిజానికి ఎంత దగ్గరగా ఉందో చెప్పదు.

కాంతి పోయి రావాలి కనుక 1 మి.మీ. దూరం అంటే సుమారు 6.7 పికోసెకన్ల కాలం (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు). అంత సూక్ష్మత ఒక్క ఫోటాన్ (కాంతి కణం) రాకలో దొరకదు కాబట్టి సెన్సర్ ఎన్నో ఫోటాన్లను పోగుచేసి లెక్క కడుతుంది. ఎండ పడినా, ఎదుటి వస్తువు నల్లనిదైనా రీడింగులు చెదురుతాయి. ఆ చెదురుబాటు సగటుతో తగ్గుతుంది.

సగటుకు లొంగనివి వేరే ఉన్నాయి. మా వసారాలో సున్నం వేసిన గోడకు టేపుతో సరిగ్గా 1000 మి.మీ. దూరంలో సెన్సర్ పెట్టి, దాని ముందు మసకబారిన ప్లాస్టిక్ మూత ఉంచాను. సగటు 970కి పడిపోయింది, విచలనం మాత్రం దాదాపు కదలలేదు. మూత నుంచే వెనక్కి తిరిగిన కాంతి దూరాన్ని తగ్గించి చూపింది. వెయ్యి రీడింగులు తీసినా ఆ 30 మి.మీ. అక్కడే ఉండేది.

మీ ట్యాంకులో చిక్కు ఇంకా ఎక్కువ. వీఎల్53ఎల్0ఎక్స్ వంటి సెన్సర్ చూపు 25 డిగ్రీల కోణంలో విచ్చుకుంటుంది, అంటే మీటరు దూరంలో సుమారు 44 సెం.మీ. వెడల్పు, గోడ అందులోకి వస్తే గోడ కాంతి కూడా కొలతలో కలుస్తుంది. పైగా నిటారుగా పడిన కాంతిలో దాదాపు 2 శాతాన్నే నీటి ఉపరితలం తిప్పి పంపుతుంది, నీరు లోతు లేకపోతే అడుగు కూడా సెన్సరుకు కనిపిస్తుంది.

1993లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ ప్రచురించిన అనిశ్చితి మార్గదర్శి, రీడింగుల గణాంకం నుంచి వచ్చిన దాన్ని ఎ రకమనీ, ఇతర ఆధారాలతో అంచనా కట్టిన దాన్ని బి రకమనీ విడదీసి, తర్వాత వర్గాల మొత్తానికి వర్గమూలంగా కలపమంటుంది. మీరు రాసింది ఎ రకం ఒక్కటే.

నీటి మీద తేలే తెల్లని థర్మాకోల్ పలక వేసి, కొలత గుర్తులున్న కర్రతో ఐదు మట్టాల దగ్గర సరిచూసి, ఆ తేడాల పట్టికతో ఆ వాక్యాన్ని తిరిగి రాసి పంపండి. ఎదురుచూస్తుంటాను.

మీ శ్రేయోభిలాషి